మేనమామ లాంతరు: షియాన్‌లో 12 రోజుల పని డైరీ

తొందరలో ఉన్నవాళ్లకు చేయకూడనివి ముందే చెప్పేస్తాను. తెల్ల కాగితం వాడొద్దు. ఒక్కటే చేయొద్దు, జత చేయాలి. అడుగు పూర్తిగా మూసేయొద్దు. గట్టిగా అసలే చేయొద్దు. ఈ నాలుగోది తెలిసేసరికి నాకు వారం రోజులు పట్టింది.

సంగతి ఏమిటంటే, చైనా కొత్త సంవత్సరం మొదటి నెలలో వచ్చే పున్నమి యువాన్‌షియావ్, అంటే లాంతర్ల పండుగ. ఆ రాత్రి దేశమంతా లాంతర్లే. షాన్షీ రాష్ట్రంలో, ముఖ్యంగా షియాన్ చుట్టూ ఉన్న గ్వాన్‌జోంగ్ మైదానంలో ఒక పద్ధతి ఉంది. పిల్లలు పట్టుకునే లాంతరు మేనమామ ఇంటి నుంచి రావాలి. బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి ఏటా పంపుతారు, 12వ ఏట ఆపేస్తారు. ఆ ఆఖరి లాంతర్లను 'వాన్ దెంగ్' అంటారు, ఇక లాంతర్లు పూర్తయినట్టు లెక్క.

మా బిల్డింగులో కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. అందరిలాగే నేనూ 'ఆయీ' అని పిలుస్తాను. ఆవిడ కూతురిల్లు పక్క బ్లాకులోనే. మనవడు 2014లో పుట్టాడు, గుర్రం సంవత్సరం. ఇక్కడ పుట్టగానే ఒక ఏడు లెక్కేస్తారు కాబట్టి 2025లో వాడికి 12. ఆవిడ కొడుకు, అంటే వాడి మేనమామ, ఆఫ్రికాలో రోడ్డు పనుల్లో ఉన్నాడు. ఈసారి సెలవు దొరకలేదు. బజారులో ప్లాస్టిక్ లాంతర్లున్నాయి, మీట నొక్కితే పాట పాడతాయి. "పాట పాడేది లాంతరా?" అని ఆయీ మెట్ల దగ్గర గొణుగుతుంటే నేను చేసిస్తానన్నాను. ఎందుకన్నానో రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, నేరుగా పనిలోకి వెళ్దాం.

తేదీల లెక్క: 2025లో కొత్త సంవత్సరం జనవరి 29న. కాబట్టి మొదటి నెల 5వ రోజు ఫిబ్రవరి 2, పున్నమి ఫిబ్రవరి 12. యువాన్ అంటే అప్పట్లో దాదాపు 12 రూపాయలు.

దశ 1: మొదటి లాంతరు (ఫిబ్రవరి 2–4)

మొదటి దెబ్బ సామాను దగ్గరే. పండుగ వారంలో కొరియర్లు ఆలస్యమవుతాయి, సగం షాపులు మూసే ఉంటాయి. వెదురు బద్దలు ఎక్కడా దొరకలేదు. చివరికి ఒక ఇనప సామాన్ల షాపులో బట్టలారేసే వెదురు గడ తీసుకున్నాను. 2 మీటర్ల పొడవు, 3 సెం.మీ. లావు.

మీరు చేసేటట్టయితే జనవరిలోనే అన్నీ కొని పెట్టుకోండి.

చేసిన వరస:

1. గడను 45 సెం.మీ. ముక్కలుగా కోశాను. నాలుగు ముక్కలొచ్చాయి, 20 సెం.మీ. మిగిలింది.
2. కూరగాయల కత్తి ముక్క తల మీద పెట్టి, కత్తి వీపు మీద చెక్కతో కొడుతూ నిలువునా చీల్చాను. ఒక్కో బద్ద 4 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం.
3. రెండు రింగులు, ఎనిమిది పక్క బద్దలు. రింగు అడ్డుకొలత 6 సెం.మీ., లాంతరు ఎత్తు 24, బొజ్జ దగ్గర 22. పక్క బద్ద ఒక్కోటి 34 సెం.మీ.
4. దారంతో కట్టి, మైదా బంకతో కాగితం అంటించాను.

రెండో మెట్టు నుంచే పాడవడం మొదలైంది. షియాన్‌లో చలికాలమంతా ఇంట్లో వేడి గొట్టాలు పనిచేస్తూనే ఉంటాయి. గది 23 డిగ్రీలు, గాలి అప్పడంలా ఎండిపోయి ఉంటుంది. గడ రాత్రంతా ఆ గొట్టం పక్కనే పెట్టాను. పొద్దున్న వంచబోతే మొదటి ఐదు బద్దలూ కణుపు దగ్గర ఠప్పున విరిగాయి. ఆరోది విరిగి బొటనవేల్లో దిగింది.

మార్చింది: బద్దల్ని గోరువెచ్చని నీళ్లలో 40 నిమిషాలు నానబెట్టాను. తర్వాత కొవ్వొత్తి మంటకు 5 సెం.మీ. పైన అటూ ఇటూ ఆడిస్తూ వంచాను. పచ్చ పొర ఎప్పుడూ వంపు బయటి వైపే ఉండాలి. లోపలికి తిప్పితే పీచులు లేచి చీలిపోతుంది. కణుపు లోపలి ఉబ్బును కత్తితో చెక్కేయాలి. అప్పట్నుంచి ఎనిమిదికి ఒకటే విరిగింది. చిన్నప్పుడు సంక్రాంతికి గాలిపటాలు చేసిన చేతులివి, కానీ పటానికి ఒక్క వంపు చాలు. లాంతరుకు ఎనిమిది వంపులూ ఒకేలా రావాలి. ఒకటి తేడా వస్తే మొత్తం సొట్ట గిన్నెలా కనిపిస్తుంది.

రెండో దెబ్బ కాగితం. ఇంట్లో బ్రష్షుతో రాత నేర్చుకునే తెల్ల కాగితాలున్నాయి. వెలుతురు బాగా వస్తుందని వాటితోనే కప్పి, అంచుకు ఎర్ర పట్టీ వేశాను. ఆయీ ఎలా వస్తోందో చూద్దామని పైకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇక్కడ తెల్ల లాంతరు చావు ఇంటి ముందు కడతారు. ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి వచ్చి, కూర్చుని, తనే ఒక్కో కాగితం గోటితో ఊడబీకింది. నేనూ పక్కన కూర్చుని ఊడబీకాను.

మూడోది ఎర్ర కాగితం. కొత్త సంవత్సరానికి గుమ్మాలకు శుభవాక్యాలు రాసి అంటించే కాగితం ఇది, వీధి చివర ఎక్కడైనా దొరుకుతుంది. చవక. కానీ తడి తగిలితే రంగు దిగిపోతుంది. నా బంక మరీ పలచన, ఒక వంతు మైదాకు ఎనిమిది వంతుల నీళ్లు. అంటించిన చోటల్లా రంగు కారి, బద్దలు, వేళ్లు, బల్ల గుడ్డ, అన్నీ పారాణి పెట్టినట్టయ్యాయి.

మార్చింది: ఒక వంతు మైదా, ఐదు వంతుల నీళ్లు. సన్న సెగ మీద కలుపుతూ ఉంటే అట్ల పిండిలా చిక్కబడుతుంది, అప్పుడు దించి పూర్తిగా చల్లార్చాలి. బంక కాగితానికి కాదు, బద్దకు రాయాలి. ఒక నిమిషం ఆగి, అది కొంచెం లాగిన తర్వాత కాగితం వేసి పొడి గుడ్డతో అద్దాలి.

నాలుగోది మంట. అడుగున అట్ట ముక్క నిండుగా అంటించి దాని మీద 10 సెం.మీ. కొవ్వొత్తి నిలబెట్టాను. వెలిగించిన రెండు నిమిషాలకే మంట ఎర్రబడి, కుంగి, పొగ వదలడం మొదలుపెట్టింది. గాలి లోపలికి వచ్చే దారి లేదు మరి. అట్టకు 1 సెం.మీ. చిల్లులు ఆరు పెట్టాను. మంట నిటారుగా లేచింది, లేచి పై రింగు కాగితాన్ని గోధుమరంగులోకి మార్చింది. మంట కొన నుంచి పై నోటికి మిగిలిన ఎడం 10 సెం.మీ., నోరు చూస్తే 6 సెం.మీ. ఇరుకు. వేడంతా అక్కడే కూడుతోంది. వేలాడదీసిన నూలు దారం కూడా నల్లబడింది.

మొదటి లాంతరు బరువు 64 గ్రాములు. ఆయుష్షు 11 నిమిషాలు.

ఇప్పటికి ఖర్చు: గడ 15, ఎర్ర కాగితాలు ఐదు 10, దారం 4, కొవ్వొత్తులు పది 8. మొత్తం 37 యువాన్లు. సమయం 9 గంటలు.

దశ 2: రెండో లాంతరు, అంటే నా తెలివి (ఫిబ్రవరి 5–8)

మొదటిది కాలింది కాబట్టి కాలనిది చేద్దామనుకున్నాను. విరిగింది కాబట్టి విరగనిది.

1. పై రింగు, కింది రింగు 12 సెం.మీ.కి పెంచాను. నోరు వెడల్పయితే వంపు తగ్గుతుంది, పక్క బద్ద 30 సెం.మీ. చాలు.
2. దారం ముడుల మీద హాట్ గ్లూ. గన్ను ఆఫీసులో అడిగి తెచ్చాను.
3. రింగుల చుట్టూ 1 మి.మీ. ఇనప తీగ.
4. కాగితం బదులు ఎర్ర ప్లాస్టిక్ పూత షీటు.
5. కొవ్వొత్తి బదులు బ్యాటరీ ఎల్‌ఈడీ. రెండు కొన్నాను, ఒకటి స్పేరు.

బరువు 178 గ్రాములు. బల్ల మీద నుంచి పడేస్తే ఏమీ కాలేదు. ఛాతీ ఎత్తు నుంచి పడేస్తే కూడా ఏమీ కాలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మధ్యలో ఒక సాయంత్రం దక్షిణ ద్వారం దగ్గర నగర గోడ మీద లాంతర్లు చూడ్డానికి వెళ్లాను, ఏదైనా నేర్చుకోవచ్చని. 1984 నుంచి అక్కడ పండుగకు లాంతర్లు పెడుతున్నారు. మింగ్ రాజుల కాలం గోడ, చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. లాంతర్లు రెండంతస్తుల మేడలంత, ఇనప చట్రాల మీద పట్టుగుడ్డ, లోపల ఎల్‌ఈడీలు. చూడ్డానికి కళ్లు చాలవు, నా పనికి మాత్రం ఒక్క ముక్క పనికిరాలేదు.

అసలు ఈ ఊళ్లో ఆ ఆర్భాటం కొత్త కాదు. టాంగ్ రాజుల కాలంలో ఇది చాంగాన్, రాజధాని. 108 పేటలు, పొద్దుగూకి నగారా మోగితే పేట తలుపులు మూసేవారు, వీధిలో కనిపిస్తే దెబ్బలు. ఈ పండుగకు మాత్రం మూడు రాత్రులు ఆ నిషేధం ఎత్తేసేవారు. 713లో ఒక ద్వారం బయట 20 జాంగ్‌ల ఎత్తున, అంటే మన లెక్కలో దాదాపు 60 మీటర్లు, లాంతర్ల చక్రం నిలబెట్టి 50 వేల దీపాలు వెలిగించారని ఆ కాలం రాత ఒకటి చెబుతుంది. దానికి వెదురు ఎన్ని మిల్లీమీటర్ల మందం వాడారో రాసి ఉంటే బాగుండేది.

8వ తేదీ సాయంత్రం ఆయీతో కలిసి పక్క బ్లాకుకు వెళ్లి లాంతరు ఇచ్చాం. అబ్బాయి నాకన్నా నాలుగు వేళ్లే పొట్టి. రెండు చేతులతో తీసుకుని "థాంక్యూ షూషూ" అన్నాడు, అంటే బాబాయ్ అని. వాడి నాన్నమ్మ సోఫాలోంచి నా వెనక గుమ్మం వైపు చూస్తోంది.

"రెండోది ఏది?" అంది.

మామ ఇంటి నుంచి వచ్చేది జతగా రావాలి. ఒంటరి లాంతరు పంపడమంటే మనింట్లో ఒక్క తమలపాకు పెట్టి తాంబూలం ఇచ్చినట్టు. ఆయీకి ఇది తెలియక కాదు, నాకు తెలుసనుకుంది. తిరిగి వస్తుంటే మెట్ల మీద ఒకళ్లనొకళ్లం చూసుకోలేదు.

అంతకన్నా పెద్దది ఆ రాత్రే బయటపడింది. కింద పిల్లలు అప్పుడే కాగితం లాంతర్లతో తిరుగుతున్నారు. ఐదేళ్ల పిల్ల ఒకతి పరుగెత్తుకొచ్చి మావాడి లాంతరును తన దానితో ఢీకొట్టింది. ఆ పిల్ల లాంతరు సొట్టపోయింది. మనది టంగుమని వెనక్కి ఎగిరింది. పిల్లలంతా ఒక్క క్షణం చూసి, "ఇది బంతి!" అన్నారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఢీకొట్టలేదు. మావాడు పది నిమిషాలు ఒక పక్కన నిలబడి, ఎల్‌ఈడీ ఆపి, ఇంటికెళ్లిపోయాడు.

అప్పుడు చెప్పింది ఆయీ. పండుగ చివరి రాత్రి పిల్లలు లాంతర్లు ఒకదానికొకటి ఢీకొడతారు. లోపల కొవ్వొత్తి ఒరిగి కాగితం అంటుకుని, లాంతరు కాలిపోవాలి. దాచిపెట్టి మరుసటేడు మళ్లీ పడితే మామ కళ్లు ఎర్రబడి నీళ్లు కారతాయట. కాలితేనే మామ మళ్లీ కొత్తది తెస్తాడు. ఆవిడ చిన్నప్పుడు అన్నయ్యలు "నీ లాంతరు అడుగున తేలుంది చూడు" అని అరిచేవారట. నిజమేననుకుని లాంతరు వంచి చూస్తే అంతే, భగ్గుమనేది. ప్రతి ఏడూ అదే మాట, ప్రతి ఏడూ వంచి చూసేదాన్ని అని నవ్వింది.

నాలుగు రోజులు కూర్చుని నేను కాలని లాంతరు చేశాను.

ఇప్పటికి ఖర్చు: ఎల్‌ఈడీలు 12, గ్లూ కడ్డీలు 6, తీగ 5, షీటు 9. ఈ దశ 32, మొత్తం 69 యువాన్లు. సమయం 5 గంటలు, మొత్తం 14.

దశ 3: బలహీనంగా చేయడం (ఫిబ్రవరి 9–10)

ఇది గట్టిగా చేయడం కన్నా చాలా కష్టం. కావలసింది ఇదీ: మూడు రాత్రులు రోజుకు అరగంట చొప్పున వీధిలో తిరిగితే ఏమీ కాకూడదు. నాలుగో రాత్రి ఢీకొంటే కాలాలి. ఒక్క దెబ్బకే పోతే ఏడుపు, ఇరవై దెబ్బలకీ పోకపోతే బంతి. అయిదు నుంచి పది దెబ్బల మధ్య అనుకున్నాను.

ఇంకో గడ కొన్నాను. ముందు రెండు లాంతర్లు పరీక్షకు, ఆపైన అసలు జత. బద్దలు ఈసారి 2.5 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. మందం. గ్లూ లేదు, తీగ లేదు. ముడికి దారం రెండే చుట్లు, మీద బంక చుక్క.

పరీక్ష పద్ధతి: బాల్కనీలో బట్టల కడ్డీకి రెండు లాంతర్లూ 50 సెం.మీ. దారంతో పక్కపక్కన వేలాడదీశాను. ఒకదాన్ని 30 సెం.మీ. వెనక్కి లాగి వదలడం, కొవ్వొత్తి పడేదాకా లెక్కపెట్టడం. ఇదంతా వెలిగించకుండానే. వెలిగించి చేసినవి కింద సిమెంటు నేల మీద, పక్కన రెండు బకెట్ల నీళ్లతో.

అంతా కొవ్వొత్తి నిలబెట్టే మేకు మీదే ఉంది. అడుగు అట్టలోంచి పైకి మేకు పొడిచి, దానికి కొవ్వొత్తి గుచ్చాలి. మేకు ఎంత లోతు దిగితే కొవ్వొత్తి అంత గట్టిగా నిలుస్తుంది. నేను రాసుకున్నవి:

1. మేకు 2 సెం.మీ. లోపలికి: 19 దెబ్బలు, కొవ్వొత్తి కదల్లేదు. ఆపేశాను.
2. మేకు 0.7 సెం.మీ.: రెండో దెబ్బకే పడింది. నడుస్తూ పట్టుకెళ్లినా మెట్ల మీద ఒరిగింది.
3. మేకు 1.2 సెం.మీ.: మూడుసార్లు చూశాను. 7, 9, 6 దెబ్బలు.

1.2 ఖాయం. ఈ కొలత మాత్రం నేను ఉపయోగించిన కొవ్వొత్తికే, అంటే 1.2 సెం.మీ. లావుది. వేరే లావైతే మీరే పరీక్షించుకోవాలి.

వెలిగించి చూసినప్పుడు ఇంకో సమస్య. కొవ్వొత్తి పడకముందే కుదుపుకు మంట ఆరిపోతోంది. ఆరిన లాంతరు కాలదు కదా. వత్తి 6 మి.మీ. కన్నా పొట్టిగా ఉంటే మూడో దెబ్బకే ఆరుతోంది. మైనం గీకి వత్తిని 8 మి.మీ. బయటికి తీస్తే నిలబడింది. అంతకన్నా పొడుగు చేస్తే పొగ.

కొవ్వొత్తి ఎత్తు కూడా మార్చాను. 10 సెం.మీ. దాన్ని సగానికి కోశాను. గంటకు 4.5 సెం.మీ. కరుగుతోంది, కాబట్టి 5 సెం.మీ. ముక్క ఒక రాత్రికి ఎక్కువే. మంట కొన నుంచి పై నోటికి ఇప్పుడు 15 సెం.మీ. ఎడం. వంటింటి థర్మామీటరు నోటి అంచున పెడితే 48 డిగ్రీలు, నోటి మధ్యలో 112. అందుకే వేలాడదీసే కట్టు మధ్యలో ఉండకూడదు. రింగుకు ఎదురెదురుగా రెండు చోట్ల తీగ కట్టి పైకి 15 సెం.మీ. వంపుగా తీశాను, దారం దాని పైన మొదలవుతుంది. జతలో తీగ వాడింది ఇక్కడొక్కచోటే. ఇది మాత్రం బలహీనంగా చేయొద్దు, కాలుతున్న లాంతరు పిల్లల కాళ్ల మీద పడకూడదు.

అసలు జతకు కాగితం కోత:

1. ఎర్ర కాగితం ఎనిమిది ముక్కలు, ఒక్కోటి 28 సెం.మీ. పొడవు.
2. బొజ్జ దగ్గర వెడల్పు 9.4 సెం.మీ., రెండు కొసల్లో 5.5. ఇందులో 0.8 అంటించడానికి.
3. ముందు ఎదురెదురు ముక్కలు అంటించాలి, వరసగా కాదు. వరసగా అంటిస్తే బంక ఆరేటప్పుడు కాగితం లాగి చట్రం ఒక పక్కకు ఒరుగుతుంది. నా పరీక్ష లాంతరు అలాగే ఒరిగింది.
4. వేడి గొట్టానికి దూరంగా, గదికి అవతలి మూల ఆరబెట్టాలి. నాలుగు గంటలు.
5. కింది రింగు చుట్టూ పసుపు కాగితం కుచ్చులు, 4 సెం.మీ.

ఒక్కోటి 41 గ్రాములు తూగింది. కర్ర 60 సెం.మీ., మిగిలిన గడలోంచే.

10వ తేదీ, మొదటి నెల 13వ రోజు సాయంత్రం మళ్లీ వెళ్లాం. ఈసారి జత లాంతర్లు, ఒక కట్ట కొవ్వొత్తులు, ఆయీ కొన్న మాహ్వా పొట్లం. మాహ్వా అంటే జడలా మెలేసి నూనెలో వేయించే గోధుమపిండి వంటకం, మామ ఇంటి లాంతర్లతో పాటు అదీ వెళ్లాలి. మన సారె పళ్లెంలో అరిసెలు వెళ్లినట్టు.

గుమ్మం దగ్గర ఆయీ మనవడి భుజం మీద తట్టి, "షూషూ కాదు, ఈ పూటకి జియూజియూ అను" అంది. జియూజియూ అంటే మేనమామ. వాడు చెవులు ఎర్రబడి నేల చూస్తూ ఆ మాట అన్నాడు, వినపడీ వినపడనట్టు. నాకు అక్కాచెల్లెళ్లు లేరు. పుట్టువెంట్రుకలకు ఒళ్లో కూర్చోబెట్టుకోవడం గానీ, పెళ్లికూతుర్ని గంపలో మోసుకురావడం గానీ నా వంతుకు ఎప్పుడూ రాలేదు. "ఊఁ, తీసుకో" అన్నాను. ఇంకేమనాలో చైనీస్‌లో తెలియలేదు, తెలుగులో కూడా.

వాడి నాన్న లోపలి నుంచి ఒక సామెత వేశాడు. "మేనల్లుడు లాంతరు పట్టాడు" అని సగం చెప్పి ఆపేస్తారు, రెండో సగం విన్నవాడు అందుకోవాలి. రెండో సగం 'జావ్ జియూ'. అంటే "మామకు వెలుగు చూపాడు" అని ఒక అర్థం. అవే శబ్దాలకు "ఎప్పటిలాగే" అని ఇంకో అర్థం. ఆఫీసులో "ప్రాజెక్టు ఎలా ఉంది?" అంటే "మేనల్లుడి లాంతరు" అని నవ్వేవాళ్లు. రెండేళ్లుగా నాకు అది అర్థంకాక తలూపేవాణ్ణి.

ఇప్పటికి ఖర్చు: గడ 15, కొవ్వొత్తులు 8, ఎర్ర కాగితాలు మూడు 6, పసుపు కాగితం 4. ఈ దశ 33, మొత్తం 102 యువాన్లు, దాదాపు 1,220 రూపాయలు. మాహ్వా ఆయీది, లెక్కలో లేదు. సమయం 11 గంటలు, మొత్తం 25.

రాత్రుల చిట్టా (ఫిబ్రవరి 10–12)

13వ రోజు: 35 నిమిషాలు తిరిగాడు. చలి సున్నాకు ఒక డిగ్రీ కింద, గాలి లేదు. నష్టం ఏమీ లేదు.

14వ రోజు: గాలి. రెండుసార్లు ఆరింది. ఒక కాగితం అతుకు దగ్గర 3 సెం.మీ. ఊడింది. వాడే తెచ్చాడు, నేను బంక రాసిచ్చాను. కాగితం చలికి వదులై మళ్లీ ఇంట్లో వేడికి బిగుస్తుంది, ఈ రెండింటి మధ్య అతుకులు అలిసిపోతాయి. మళ్లీ చేస్తే అతుకు 0.8 బదులు 1 సెం.మీ. ఇస్తాను.

15వ రోజు, పున్నమి. పొద్దున్నే అమ్మ ఫోన్, మాఘ పౌర్ణమి, తలస్నానం చేశావా అని. రెండూ ఒకే రోజు పడ్డాయి. సాయంత్రం ఆయీ ఇంట్లో యువాన్‌షియావ్ చేశారు, పండుగ పేరే పెట్టుకున్న పూర్ణం ఉండలవి. చైనా దక్షిణాదిలో పిండిలో పూర్ణం పెట్టి చుడతారు, ఇక్కడ ఉత్తరాది పద్ధతి. నువ్వుల పూర్ణం గట్టి ముక్కలుగా కోసి, నీళ్లలో ముంచి, జిగురు బియ్యం పొడి పిండి పోసిన చేటలో దొర్లిస్తారు. ముంచడం, దొర్లించడం, మళ్లీ ముంచడం, ఏడెనిమిదిసార్లు. నేను మూడుసార్లకే చాలనుకుని వేసినవి నీళ్లలో విచ్చుకుని నల్ల చారు అయ్యింది.

కాంపౌండులో తాడు కట్టి లాంతర్లు వేలాడదీసి, ఒక్కోదానికి పొడుపు కథ రాసిన కాగితం తగిలించారు. అదీ ఈ పండుగలో ఉండే ఆటే. విప్పినవాడు కాగితం చింపి తీసుకెళ్లి బహుమతి అడుగుతాడు. ఎక్కువ భాగం అక్షరాల మీద చమత్కారాలు. "ఒక్క కాటుతో ఎద్దు తోక కొరికేశాడు" అన్నది చాలా పాతది. 'ఎద్దు' అనే అక్షరంలో నిలువు గీత కింది కొస తీసేసి అక్కడ 'నోరు' పెడితే 'గావ్' వస్తుంది, అంటే 'తెలియజేయు'. నాకు అలాంటివి రావు. "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" ఉంది కదా, దాన్నే చైనీస్‌లో రాయించి తగిలించాను. కిటకిట పోయింది, తలుపులు మిగిలాయి. ఆ బంతి అన్న ఐదేళ్ల పిల్ల చదివించుకుని, రెండుసార్లు కళ్లు ఆర్పి, చింపి పట్టుకుపోయింది.

ఆఖరి రాత్రి (ఫిబ్రవరి 13)

మా కాంపౌండులో ఢీకొట్టుకోవడం 16వ రాత్రి. జాగ్రత్తలు: ఎండుటాకులు ఊడ్చిన సిమెంటు నేల, మూడు బకెట్ల నీళ్లు, గేటు దగ్గర వాచ్‌మన్‌కు ముందే చెప్పడం. పఫ్ జాకెట్లు విప్పించి నూలు కోట్లు వేయించాలి, ఆ జాకెట్ల బట్ట నిప్పురవ్వకే కరిగి చిల్లు పడుతుంది. కర్ర చివర పట్టుకోవాలి. గాలి వీస్తే మానేయాలి. మీ ఊళ్లో బయట మంట పెట్టడానికి ఒప్పుకోకపోతే అసలు చేయొద్దు.

మొత్తం ఏడుగురు పిల్లలు. మావాడే అందరికన్నా పెద్ద, మొదట్లో గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు. జతలో ఒకటి ఆయీ చేతిలో, ఒకటి వాడి చేతిలో.

ఐదేళ్ల పిల్ల వాడి ముందుకొచ్చి నిలబడి తల పైకెత్తింది.

"అన్నయ్యా, నీ లాంతరు అడుగున తేలుంది."

ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఆయీ ఎటో చూస్తోంది. వాడికీ తెలుసు. అయినా లాంతరు పైకెత్తి, పక్కకు వంచి, అడుగున చూశాడు. కొవ్వొత్తి ఒరిగింది కానీ పడలేదు, 1.2 సెం.మీ. మేకు పట్టుకుంది. ఆ పిల్ల మొహం వాడిపోయింది. వాడు ఇంకొంచెం వంచాడు.

అంటుకోవడం మూడో నంబరు ముక్క దగ్గర, అతుకు నుంచి. మంట పైకి పాకి రింగు చేరడానికి 8 సెకన్లు. కాగితం మొత్తం పోవడానికి 20. బద్దలు ఇంకో నిమిషంన్నర కాలాయి. తీగ కట్టు ఊడలేదు. రెండోదాన్ని పద్ధతిగా ఢీకొట్టారు, ఆరో దెబ్బకు పడింది. పరీక్షలో వచ్చిన లెక్కే.

వాడి మామకు వీడియో చూపిస్తున్నారు. అక్కడ ఇంకా మధ్యాహ్నమే, తెర మీద ఎండ. ఆయన లాంతరు కంటే ఎక్కువ తీగ కట్టు గురించి అడిగాడు.

బూడిదలో మిగిలినవి: రెండు మేకులు, రెండు తీగ ముక్కలు, కాలని కణుపు ఒకటి. బల్ల గుడ్డ మీద ఎరుపు రెండు ఉతుకులకూ పోలేదు. రెండో లాంతరు, ఆ బంతి, ఐదేళ్ల పిల్ల అడిగి తీసుకెళ్లింది, దాన్నిప్పుడు కాలితో తన్ని ఆడుతోంది. రెండో గడలో 50 సెం.మీ. మిగిలితే చీపురుకట్టకు పిడి కావాలని ఆయీ పట్టుకెళ్లింది.